గొర్రెకు చెవి వాలి, మూతి వంకరపోతే

సందేహం: మాది దేవరకొండ దగ్గర పల్లె. షెడ్డులో 40 గొర్రెలు ఉన్నాయి. నెల రోజులుగా మొక్కజొన్న పాతర గడ్డి వేస్తున్నాను. నిన్న పొద్దున ఒక చూడి గొర్రెకు ఎడమ చెవి వాలిపోయి, మూతి కుడి పక్కకు లాగింది. చొంగ కారుతోంది. పక్షవాతం, వాతలు పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

సలహా: వాతలు పెట్టించకండి. చెవి, కనురెప్ప, పెదవులను కదిలించే ముఖ నాడి చెవి కింద నుంచి దవడ మీదుగా పోతుంది. అది ఒక పక్క దెబ్బతిన్నప్పుడు మూతి బాగున్న పక్కకు లాగుతుంది కాబట్టి, మీ గొర్రెకు జబ్బు ఎడమ పక్కనే ఉంది. ఆ బుగ్గలో నమిలిన మేత ఉండలా నిలిచిపోతుంది. పిచ్చికుక్క కాటుకూ చొంగ కారుతుంది కనుక వట్టి చేతిని నోట్లో పెట్టవద్దు.

గొర్రె చురుకుగా ఉండి మేస్తుంటే తాడు ఒరుసుకోవడం, దెబ్బ తగలడం లేదా చెవి లోపలి చీము కారణం కావచ్చు. దిగులుగా నిలబడి, తల ఒక పక్కకు వాల్చి, ఒకే దిక్కుకు గుండ్రంగా తిరుగుతుంటే మాత్రం లిస్టీరియోసిస్ (లిస్టీరియా అనే సూక్ష్మజీవి వల్ల మెదడుకు వచ్చే జబ్బు) అని అనుమానించాలి. మీరు పాతర గడ్డి వేస్తున్నారు కాబట్టి నా అనుమానం దీని మీదే. సరిగా పులియక, గాలి చొరబడి బూజు పట్టిన గడ్డిలో ఈ సూక్ష్మజీవి పెరిగి, నోటిలోని చిన్న పుండ్ల ద్వారా నాడుల వెంట మెదడుకు చేరుతుంది. గడ్డి తిన్న రెండు మూడు వారాలకు లక్షణాలు బయటపడతాయి కనుక, నిన్నటి మేతను మాత్రమే చూసి లాభం లేదు.

గొర్రెల్లో ఇది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయవచ్చు, పడిపోయాక మందు పనిచేయడం అరుదు. ఈరోజే పశువైద్యుడిని పిలవండి, లేదా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. పెన్సిలిన్ లేదా ఆక్సీటెట్రాసైక్లిన్‌ను వైద్యుడు చెప్పిన మోతాదులో, గొర్రె కోలుకున్నట్లు కనిపించినా మధ్యలో ఆపకుండా, పూర్తి గడువు వాడాలి. చొంగతో పోయే నీరు, లవణాలకు సెలైన్ అవసరమవుతుంది. వాపు తగ్గుతుందని డెక్సామెథాసోన్‌ను సొంతంగా వేయించవద్దు. అది ఈ జబ్బును ముదిరిస్తుంది, చూడి గొర్రె ఈసుకుపోవచ్చు (గర్భం పోవచ్చు). రెప్ప మూతపడదు కాబట్టి కన్ను ఎండి పూత పడకుండా వైద్యుడు ఇచ్చిన కంటి మందు వేస్తూ ఉండండి.

బూజు పట్టిన, కుళ్లు వాసన వచ్చే గడ్డిని తీసి పారవేసి, మిగిలిన గొర్రెలకు కొన్నాళ్లు ఎండు మేత పెట్టండి. ఈసుకుపోయిన పిల్లను, మావిని చేతి తొడుగులతో తీసి సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. ఇంట్లో గర్భిణులుంటే ఆ పనికి, పచ్చి పాలకు దూరంగా ఉంచండి.