కరోనా రోజుల్లో తప్పిపోయిన టీకాలు నాలుగేళ్ల పాపకు ఇప్పుడు వేయించవచ్చా?

ప్రశ్న: మా పాప 2021 ఫిబ్రవరిలో పుట్టింది. పుట్టినప్పుడు, ఆరో వారంలో వేసిన టీకాలు తప్ప తర్వాతివేవీ పడలేదు. అప్పట్లో ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. ఆస్పత్రికి వెళ్లాలంటేనే భయమేసేది. ఆ తర్వాత పనులు పోయి ఇల్లు మారాం. ఇప్పుడు పాపకు నాలుగేళ్లు దాటాయి. తోటి పిల్లలకన్నా సన్నగా ఉంటుంది, దగ్గు ఒక పట్టాన తగ్గదు. ఇదంతా కరోనా ప్రభావమేనా? టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

జవాబు: అమ్మా, కరోనా సోకిన పిల్లల్లో అత్యధికులకు అది జలుబు, జ్వరంతోనే పోయింది. అరుదుగా కొందరిలో ఇన్ఫెక్షన్ తర్వాత రెండు నుంచి ఆరు వారాల్లో తీవ్ర జ్వరం, దద్దుర్లు, కళ్లెర్రబడటం, కడుపునొప్పి మొదలై, గుండె సహా పలు అవయవాలు దెబ్బతినే సమస్య వచ్చింది. మీ పాపకు అది వచ్చి ఉంటే అప్పుడే తెలిసేది. ఇన్నేళ్ల తర్వాత కూడా సన్నగా ఉండటానికి, దగ్గుతూ ఉండటానికి ఆనాటి వైరసే కారణమని సరిపెట్టుకుంటే అసలు కారణం చూపు దాటిపోతుంది.

వర్ధమాన దేశాల్లో పిల్లలు ఎక్కువగా నష్టపోయింది వైరస్ వల్ల కాదు, దాని మూలంగా ఆగిపోయిన సేవల వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కల ప్రకారం కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల నుంచి కాపాడే డీపీటీ టీకా మూడో డోసు 2019లో ప్రపంచంలో 86 శాతం మంది పిల్లలకు అందితే, 2021 నాటికి అది 81 శాతానికి పడిపోయింది. ఆ ఒక్క ఏడాదిలో సుమారు రెండున్నర కోట్ల మంది పిల్లలు ఈ టీకాను పూర్తిగా వేయించుకోలేదు. వారిలో కోటీ 80 లక్షల మందికి ఒక్క డోసూ పడలేదు. బడులు మూతపడటంతో అక్కడ దొరికే భోజనమూ పోయింది. నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచిన టీకా కార్డులు నా ముందుకు ఇప్పటికీ వస్తుంటాయి. పై రెండు వరుసల్లో తేదీలు, సంతకాలు ఉంటాయి, ఆ కింద అన్నీ తెల్లటి గళ్లు. వాటిని చూపించేటప్పుడు తల్లులు తల దించుకుంటారు. ఆస్పత్రుల్లో సేవలే సరిగా నడవని రోజులవి. తప్పంతా తల్లుల నెత్తిన వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

టీకాలకన్నా ముందు దగ్గు సంగతి తేల్చుకోవాలి. రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు, దాంతోపాటు బరువు పెరగకపోవడం ఉంటే క్షయ ఉందేమో తప్పక చూడాలి. 2020లో ప్రపంచవ్యాప్తంగా కొత్తగా గుర్తించిన క్షయ రోగుల సంఖ్య అంతకు ముందు ఏడాదికన్నా బాగా తగ్గింది. రోగం తగ్గి కాదు, పరీక్షలు జరగక. అలా బయటపడని పెద్దల నుంచే ఇంట్లో పసివాళ్లకు అది అంటుకుంటుంది కాబట్టి, మీ ఇంట్లో ఎవరికైనా చాలాకాలంగా దగ్గు ఉంటే వారికీ పరీక్ష చేయించండి. పుట్టినప్పుడు బీసీజీ వేశారు కదా అని ధీమాగా ఉండవద్దు. అది పసిపిల్లల్లో మెదడుకు సోకే తీవ్రమైన క్షయను చాలావరకు ఆపుతుంది గానీ ఊపిరితిత్తుల క్షయను పూర్తిగా ఆపలేదు. దగ్గు కోరింత దగ్గో ఉబ్బసమో కూడా డాక్టరు చూస్తారు. ఊపిరి వేగంగా తీస్తున్నా, పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సన్నగా ఉందో లేదో కంటితో తేల్చలేం. బరువు, ఎత్తు కొలిచి ఎదుగుదల పట్టికలో గుర్తించాలి. ఆరు నెలలు దాటిన, అయిదేళ్లలోపు పిల్లలకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం, వెంటనే చికిత్స కావాలి. 12.5 లోపున్నా పాపను కనిపెట్టి చూసుకోవాలి.

ఇక టీకాలు. మొదటి నుంచి వేయించనక్కర్లేదు, పడిన డోసులు ఎన్నేళ్లయినా లెక్కలోకే వస్తాయి. డీపీటీ రెండో డోసు ఇప్పుడు, మూడోది కనీసం నాలుగు వారాలకు, బూస్టర్ మరో ఆరు నెలలకు వేస్తారు. ఏడేళ్లు దాటితే డీపీటీ వేయరు, కనుక ఇంకా ఆలస్యం చేయవద్దు. తట్టు టీకా మరీ ముఖ్యం, అదీ రెండు డోసులు, మధ్య నాలుగు వారాలు. ఒక్క తట్టు రోగి టీకా లేనివారి మధ్య 12 నుంచి 18 మందికి అంటించగలడు. పైగా ఆ జబ్బు వేరే రోగాలపై శరీరం అదివరకు సంపాదించుకున్న రక్షణను కూడా కొంత చెరిపేస్తుంది. పోలియో తదితర మిగిలినవాటిని మీ జాతీయ పట్టిక చూసి డాక్టరు నిర్ణయిస్తారు. రోటావైరస్ టీకా వయసు మాత్రం దాటిపోయింది. ఒకే రోజు వేర్వేరు చోట్ల రెండు మూడు సూదులు వేసినా ప్రమాదం లేదు, కొద్దిపాటి జలుబు, దగ్గు అడ్డంకి కావు.

కార్డు పోయి ఉంటే, ఆధారం లేని డోసులను పడనట్టుగానే లెక్కిస్తారు. ఒకటి రెండు అదనంగా పడినా ఎక్కువమంది పిల్లల్లో సూది గుచ్చినచోట నొప్పి, వాపు తప్ప వేరే ఇబ్బంది రాదు.