పాడైన ప్యానెళ్ల మీద పీహెచ్‌డీనా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ ఫైనలియర్. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అది వద్దు, పాత సోలార్ ప్యానెళ్ల రీసైక్లింగ్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది. బంధువులు ‘చెత్త మీద పీహెచ్‌డీ ఏమిటి, పెళ్లెప్పుడు చేస్తావు’ అంటున్నారు. ఉద్యోగమా, అమెరికాలో రెన్యూవబుల్ ఎనర్జీ ఎంఎస్సా, ఇక్కడే రీసెర్చా? పోల్చి చెప్పండి. – ఓ తండ్రి, నంద్యాల

జవాబు: బంధువులు ఏమన్నారో రాశారు. అమ్మాయి ఈ దారి ఎందుకు ఎంచుకుందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? నాలుగేళ్లు చదివించిన మీరు ఆ మాట అడక్కుండా నాకు ఉత్తరం రాయడం సరికాదండీ.

చెత్త అన్నారు కాబట్టి అదేమిటో చెబుతాను. ఓసారి ల్యాబ్‌లో పగిలిన ప్యానెల్‌ను చేత్తో విడదీయబోయాను. గాజు నిండా పగుళ్లే, కానీ ఒక్క పెంకు రాలలేదు. గాజుకీ సిలికాన్‌కీ మధ్య ఈవీఏ అనే ప్లాస్టిక్ పొర కరిగి అతుక్కుపోయి ఉంటుంది. పాకం గట్టిపడ్డాక పల్లీపట్టీలోంచి పల్లీని నలక్కుండా తీయాలంటే ఎంత కష్టమో, ఇదీ అంతే. కాల్చేద్దామంటే, చాలా ప్యానెళ్ల వెనక షీట్‌లో ఫ్లోరిన్ ఉంటుంది, విషవాయువులొస్తాయి. బరువులో ముప్పావు వంతు దాకా గాజే. వెండి వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ తిరిగొచ్చే డబ్బులో పెద్ద వాటా దానిదే. దాన్ని నైట్రిక్ యాసిడ్‌లో కరిగిస్తే గోధుమరంగు పొగ లేస్తుంది. ఆ పొగను పట్టాలి, యాసిడ్‌ను మళ్లీ వాడుకోవాలి, అయినా ఖర్చు గిట్టాలి. ఇది అచ్చంగా కెమికల్ ఇంజినీరు పని.

ఇక నా అనుమానాలు. ఈ రంగానికి ఇప్పుడు పేరొచ్చినంతగా ఉద్యోగాలు రాలేదు. మీ దగ్గర్లోని గని, శకునాల సోలార్ పార్కునే తీసుకోండి. 1000 మెగావాట్లు, 2017లో మొదలైంది. ప్యానెల్ ఆయుష్షు పాతికేళ్లు అనుకుంటే, అక్కడి సరుకు పెద్దఎత్తున బయటికొచ్చేది 2040 దాటాకే. రవాణాలో పగిలినవి, గాలివానకు దెబ్బతిన్నవి ముందే వస్తాయి, కానీ వాటితో పెద్ద ఫ్యాక్టరీ నడవదు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లను చేర్చారు గానీ, కంపెనీలు ఆ వ్యర్థాన్ని 2034-35 దాకా నిల్వ ఉంచుకోవచ్చు. అందుకే ‘సస్టెయినబిలిటీ’ అని పేరు తగిలించిన కోర్సులంటే నాకు భయం. అన్నీ పైపైన చెప్పి, ఏ ఒక్కటీ చేతికి రానివ్వనివి చాలా చూశాను. అమెరికా ఎంఎస్ అయినా సరే, అలాంటి కోర్సుకోసం ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేయకండి.

అమ్మాయి నేర్చుకోవాల్సింది లోహాలను వేరుచేసే విద్య. అది వస్తే ప్యానెళ్లు ఆలస్యమైనా పాత బ్యాటరీలు, సర్క్యూట్ బోర్డులు, గనుల కంపెనీలు ఉన్నాయి. హైదరాబాద్‌లో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఈ-వేస్ట్ మీద పనిచేస్తోంది. జంషెడ్‌పూర్‌లో నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ ఉంది. వరంగల్ నిట్‌లో కెమికల్, మెటలర్జీ రెండూ ఉన్నాయి. చేరేముందు గైడ్ ఎవరో, ఆయన విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోమనండి. కాలేజీ పేరుకన్నా అదే ముఖ్యం.

డబ్బు సంగతి మీరు నేరుగా అడగలేదు, కానీ దిగులంతా అక్కడే ఉంది. జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె అదనం. మీ మీద భారం పడదు. పెళ్లికీ ఇది అడ్డు కాదు. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, థీసిస్ ఇచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ధైర్యంగా ఉండండి, అమ్మాయి దారి తప్పలేదు.

ఈ ఆదివారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ప్యానెల్‌లో ఏ పొరను ఎలా విడదీయాలనుకుంటోందో అడగండి. రెండు నిమిషాల్లో మాట ఆగిపోతే, ఒక ఏడాది ఉద్యోగం చేస్తూ ఆలోచించుకోమనండి. కాగితం తెచ్చుకుని బొమ్మ గీసి చెప్పడం మొదలుపెడితే, ఆఫర్ లెటర్ పక్కన పెట్టి వినండి.