దీపస్తంభం తన పేరు తానే చెబుతుంది

ప్రశ్న: రాత్రివేళ మా ఊళ్లో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగును చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అయితే చీకట్లో దూరం నుంచి చూసేవారికి ఏ లైట్‌హౌస్ అయినా ఒక వెలుగు చుక్కే కదా! తాము చూస్తున్నది విశాఖపట్నాన్నే గాని మరో ఊరిని కాదని నావికులు ఎలా గుర్తుపడతారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు అడిగినది దీపస్తంభానికి సంబంధించిన అసలు విషయం. దాని కాంతి సముద్రాన్ని వెలిగిస్తుందని చాలామంది అనుకుంటారు గాని, ఆ వెలుగులో నావికుడికి నీటిలోని రాయీ కనిపించదు, ఇసుకమేటా కనిపించదు. తాను ఫలానా చోట నిలిచి ఉన్నానని దూరాన ఉన్న ఓడకు తెలియజేయడమే ఆ దీపం పని. అందుకే ఒకే తీరంలో దగ్గర దగ్గరగా ఉన్న స్తంభాలకు ఒకే తీరు వెలుగును పెట్టరు. ఒకటి ఐదు సెకన్లకు ఒకసారి మెరిస్తే, పక్కనున్నది రెండుసార్లు వెంటవెంటనే మెరిసి తర్వాత కాసేపు చీకటిగా ఉంటుంది. ఇంగ్లండ్ నైరుతి తీరానికి దూరంగా సముద్రపు రాళ్ల మీద నిలిచిన ఎడ్డీస్టోన్ దీపం ప్రతి పది సెకన్లకు రెండు మెరుపులు ఇస్తుంది. ఓడ మీద కాపలా ఉన్న అధికారి గడియారం చేతపట్టుకుని మెరుపులను లెక్కపెట్టి, మధ్యనున్న చీకటి ఎంతసేపు ఉందో చూసుకుని, దీపాల జాబితాతో సరిపోల్చుకుంటాడు. మన దేశంలో అటువంటి జాబితాను డెహ్రాడూన్‌లోని జాతీయ జలమాపక కార్యాలయం ప్రచురిస్తుంది.

పేరు తెలియగానే పని సగమే పూర్తవుతుంది. ఆ దీపం ఏ దిక్కున ఉందో దిక్సూచితో చూసి, సముద్రపటం మీద ఆ దీపం గుర్తు నుంచి ఓడ వైపు ఒక గీత గీస్తారు. ఓడ ఆ గీత మీద ఎక్కడో ఒకచోట ఉంటుంది. మరో దీపం కూడా కనిపిస్తే రెండో గీత గీస్తారు. రెండు గీతలూ కలిసిన బిందువే ఓడ ఉన్న చోటు. మూడో దీపం కూడా దొరికితే మొదటి రెండు గీతల్లో తప్పేమైనా దొర్లిందేమో తెలిసిపోతుంది.

ఇక ఆ మెరుపులు ఎలా వస్తాయో చెప్పాలి. పాతకాలపు పెద్ద స్తంభాల్లో దీపం ఆగి ఆగి వెలగదు. అది రాత్రంతా నిలకడగానే వెలుగుతుంది. దాని చుట్టూ ఉన్న గాజు కటకం తిరుగుతుంది. ఆగస్టిన్ ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఒకే మందపాటి కటకానికి బదులు ఎన్నో గాజు వలయాలను పొరలు పొరలుగా పేర్చి, నలుదిక్కులకూ చెదిరిపోయే కాంతిని ఒక్క వైపుకు వంచే పద్ధతిని కనిపెట్టాడు. 1823లో ఫ్రాన్సులోని కోర్డువాన్ దీపస్తంభంలో దాన్ని మొదటిసారి వెలిగించారు. కటకానికి ఒక్కో కాంతిపుంజాన్ని పంపే నాలుగు ముఖాలుండి, అది నలభై సెకన్లకు ఒకసారి చుట్టూ తిరిగితే, ఓడలో ఉన్నవారికి పది సెకన్లకు ఒక మెరుపు కనిపిస్తుంది. టన్నుల బరువుండే కటకం రాపిడి లేకుండా తిరగాలని దాన్ని పాదరసపు తొట్టెలో తేలనిచ్చేవారు. అంతటి బరువును వేలితో నెట్టినా కదిలేలా అమర్చిన ఆ పనివారి నేర్పు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

పగటిపూట దీపం పనికిరాదు కనుక స్తంభానికి వేసిన రంగులే దాని గుర్తు. నలుపు, తెలుపు పట్టీలను అందుకే వేస్తారు.

ప్రశ్న: దీపం ఎంత ఎత్తున ఉంటే అంత దూరం కనిపిస్తుంది కదా. కొండలున్న చోట శిఖరం మీదనే కట్టవచ్చు కదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఎత్తు అవసరమే, ఎందుకంటే భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఎంత పెద్ద దీపమైనా కొంత దూరం తర్వాత దిగంతం కిందికి దిగిపోతుంది. సముద్రమట్టానికి 36 మీటర్ల ఎత్తున ఉన్న దీపం, 9 మీటర్ల ఎత్తున నిలబడి చూసే నావికుడికి దాదాపు 19 నాటికల్ మైళ్ల నుంచి, అంటే సుమారు 35 కిలోమీటర్ల నుంచి కనిపించాలి. అయితే ఎత్తు రెట్టింపు చేస్తే దూరం రెట్టింపు కాదు. దీపం దిగంతం రెండింతలు దూరం జరగాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి.

పైగా మరీ ఎత్తయితే మబ్బు అడ్డు వస్తుంది. దక్షిణాఫ్రికాలోని కేప్ పాయింట్‌లో 1860లో సుమారు 240 మీటర్ల ఎత్తున, కొండ కొమ్మున దీపం వెలిగించారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి అది ఎంతో దూరం కనిపించేది. పొగమంచు, మబ్బులు కమ్మిన రాత్రి, అంటే దాని అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే, కనుమరుగయ్యేది. 1911 ఏప్రిల్‌లో లుసిటానియా అనే పోర్చుగీసు ప్రయాణికుల నౌక అక్కడి రాళ్లకు తగిలి మునిగిపోయింది. (1915లో జర్మన్ జలాంతర్గామి ముంచిన బ్రిటిష్ నౌక పేరు కూడా ఇదే, అది వేరు.) ఆ తర్వాత 87 మీటర్ల ఎత్తున, అదే కొండ దిగువ అంచున కొత్త దీపం కట్టారు.

మన తూర్పు తీరంలోని చెన్నైలో దీపం చోటు మారిన కథ మరోలా ఉంటుంది. 1796లో సెయింట్ జార్జి కోట భవనం మీద వెలిగిన దీపం 1844లో ప్రత్యేకంగా కట్టిన రాతి స్తంభానికి, 1894లో హైకోర్టు గోపురానికి, 1977లో మెరీనా తీరంలోని నేటి స్తంభానికి చేరింది.

ప్రశ్న: ప్రతి ఓడలోనూ జీపీఎస్ ఉన్న ఈ రోజుల్లో ఇన్ని దీపస్తంభాలను పోషించడం అవసరమా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అవసరమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఉపగ్రహం నుంచి నేలకు చేరే సంకేతం చాలా బలహీనమైనది. దాన్ని అడ్డుకోవచ్చు, దానికి బదులు తప్పుడు సంకేతాన్నీ పంపవచ్చు. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో రష్యా రేవు నొవొరొస్సీస్క్ దగ్గరున్న ఓడల జీపీఎస్ పరికరాలు, ఆ ఓడలు నీటి మీద కాక నేల మీది విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. విమానాశ్రయమని చూపినందువల్ల తప్పు వెంటనే బయటపడింది గాని, అదే తప్పు అర కిలోమీటరుదైతే ఎవరికి తెలుస్తుంది?

దీపస్తంభాలు కూడా ఉన్నచోటే ఆగిపోలేదు. చాలావాటిలో ఇప్పుడు రేకాన్ అనే పరికరం ఉంటుంది. ఓడ రాడార్ తరంగం తగలగానే అది బదులు పంపి, రాడార్ తెర మీద తన గుర్తును చుక్కలు, గీతలతో కూడిన మోర్స్ అక్షరంగా చూపిస్తుంది. మన దేశంలో 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చినప్పుడు, దాని పేరులో లైట్‌హౌస్ అనే మాట తీసి, నౌకాయానానికి తోడ్పడే సాధనాలన్నిటినీ కలిపే పేరు పెట్టడానికి కారణం ఇదే.

అందువల్ల తెరలు ఎన్ని ఉన్నా, తీరం దగ్గరకు వచ్చిన ఓడలో కాపలా అధికారి బయటికి వచ్చి కంటితో దీపాన్ని వెతుకుతాడు, మెరుపులు లెక్కపెడతాడు, పటం మీద గీత గీస్తాడు. దీపం చెప్పిన చోటుకూ ఉపగ్రహం చెప్పిన చోటుకూ పొసగకపోతే, ఎంత రాత్రయినా కెప్టెన్‌ను నిద్రలేపుతాడు.