నీట్ వదిలేసి పిల్లులు పెంచుతానంటోంది... ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎరువుల దుకాణం ఉంది. మా బిడ్డ ఇంటర్ బైపీసీ చేసి రెండేళ్లు నీట్ లాంగ్ టర్మ్ తీసుకుంది. సీటు రాలేదు. ఆ టైంలోనే హైదరాబాద్‌లో ఒకరి దగ్గర జత పర్షియన్ పిల్లులు తెచ్చుకుంది. మొన్న అవి మూడు పిల్లల్ని పెడితే రెండింటిని తొమ్మిది వేల చొప్పున అమ్మింది. ఇప్పుడు డిగ్రీ వద్దట. మేడ మీద గది కట్టించి, ఏసీ పెట్టించి, ఐదు లక్షలు ఇస్తే బ్రీడింగ్ చేస్తుందట, షోలకు కూడా తీసుకుపోతుందట. యూట్యూబ్‌లో ఎవరో నెలకు లక్ష వస్తుందన్నారట. డిగ్రీ మేలా, ఇది మేలా? లెక్క వేసి చెప్పండి. బంధువుల్లో నవ్వులపాలవుతున్నాం. రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి? కోపం వస్తే ఆ పిల్లుల్ని సంచిలో వేసి ఎక్కడన్నా దూరంగా వదిలేసి రావాలనిపిస్తోంది.

జవాబు: ముందు మీ చివరి మాట సంగతి. ఆ పని మాత్రం చేయకండి. పెంచుకున్న జంతువును తిండీ నీళ్లూ లేక బాధపడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. చట్టాన్ని పక్కన పెట్టినా, ఇంట్లో పెరిగిన చప్పిముక్కు పర్షియన్ మన ఎండకూ వీధి కుక్కలకూ ఎన్నాళ్లు తట్టుకుంటుంది? దానికేమన్నా అయితే మీ బిడ్డ మీతో మళ్లీ మనసు విప్పి మాట్లాడుతుందనుకోకండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. పిల్లుల బదులు ఒకరింట్లో కుక్కలు, ఒకరింట్లో చేపలు, ఇంకొకరింట్లో యూట్యూబ్ చానెల్. అందరూ లెక్కే అడుగుతారు. లోపల ఉన్న భయం వేరు. రెండుసార్లు దెబ్బతిన్న బిడ్డ ఇక పుస్తకం ముట్టదేమో, ఈ పిల్లుల చాటున దాక్కుంటోందేమో అని కదూ? అలా అయితే కాస్త కుదుటపడండి. దాక్కునే పిల్ల గది తలుపు వేసుకుని ఫోన్ చూస్తూ పడుకుంటుంది. మీ బిడ్డ రాత్రులు మేలుకుని పిల్లల్ని సాకింది, కొనేవాళ్లను వెతికింది, బేరం చేసింది, డబ్బు తెచ్చింది. మీరు కోరుకున్న దారిలో కాకపోవచ్చు గానీ, చేతకానితనం మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

కోపం తెచ్చుకోకపోతే ఒకటి అడుగుతాను. లాంగ్ టర్మ్‌కు రెండేళ్లు ఫీజూ హాస్టలూ కట్టారు. సీటు రాకపోతే ఏంటని అప్పుడు లెక్క అడిగారా? బిడ్డ తన చేతులతో మొదటిసారి 18 వేలు తెస్తే మాత్రం నవ్వులపాలయ్యామంటున్నారు. నవ్విన బంధువుల్లో ఎవరైనా మీ కోచింగ్ ఫీజులో రూపాయి వేశారా? ఉత్తరమంతా వెతికాను, బిడ్డ ఎందుకు ఈ పని ఇష్టపడుతోందో ఒక్క ముక్క లేదు. అడిగి ఉండరు.

ఇంత చెప్పాక ఐదు లక్షలు ఇచ్చేయమంటాననుకుంటున్నారేమో. ఇవ్వకండి.

ఈ బ్రీడింగ్ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఈమూ పక్షులు గుర్తున్నాయా? 2010కి అటూఇటూ ఉమ్మడి రాష్ట్రంలో షెడ్ల మీద షెడ్లు వేశారు. మాంసం అన్నారు, నూనె అన్నారు, తోలు అన్నారు. చివరికి ఎక్కువగా చేతులు మారింది ఈమూ పిల్లల్ని అమ్మిన డబ్బే. పాత రైతు కొత్త రైతుకు జతలు అమ్మాడు, కొత్త రైతు ఇంకో కొత్త రైతు కోసం చూశాడు. ఆ కొత్తవాడు దొరకని రోజున మేత ఖర్చు భరించలేక పక్షుల్ని వదిలేసినవాళ్లున్నారు. పిల్లుల విషయం పూర్తిగా అలాంటిదని అనను. ముద్దుగా పెంచుకుందామని కొనేవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ నెలకు లక్ష అని వీడియోలు పెట్టేవాళ్ల దగ్గర కొనేది పెంచుకునేవాళ్లా, తామూ అమ్ముదామనుకునేవాళ్లా అన్నది చూడాలి. రెండో రకమే ఎక్కువని నా అనుమానం.

మీరు అడిగిన లెక్క ఇదిగో. ఆడ పిల్లి ఏడాది నిండాక గానీ కాన్పుకు పనికిరాదు. పిల్లుల జాతుల్ని నమోదు చేసే ఫిఫే అనే అంతర్జాతీయ సంస్థ రెండేళ్లలో మూడు కాన్పులకు మించనివ్వదు. పర్షియన్లలో కాన్పుకు రెండు నుంచి నాలుగు పిల్లలు మామూలు. ఒక తల్లి మీద ఏడాదికి నాలుగైదు పిల్లలు బతికి బయటపడ్డాయనుకుందాం. మీ బిడ్డ అమ్మిన ధరకే చూస్తే నలభై వేలు. ఐదు తల్లుల్ని పెడితే రెండు లక్షలు. ఇందులోంచే తిండి, లిట్టర్ అనే మలవిసర్జన ఇసుక, నులిపురుగుల మందు, టీకాలు, ఏసీ కరెంటు బిల్లు పోవాలి. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే జిల్లా మనది. కుక్కలా రొప్పి చల్లబడటం పిల్లికి పెద్దగా చేతకాదు, ముక్కు లోపలికి పోయిన పర్షియన్‌కు అది మరీ కష్టం. కరెంటు పోతే ఇన్వర్టర్ కూడా కావాలి. ఒక్క సిజేరియన్ పడిందంటే ఆ కాన్పులో మిగిలేది ఏమీ ఉండదు. చప్పిముక్కూ పెద్ద తలా ఉన్న జాతుల్లో కాన్పు కష్టం కావడం అరుదేమీ కాదు.

ఇంగ్లండ్‌లో పిల్లుల జాతుల్ని నమోదు చేసే జీసీసీఎఫ్ సంస్థ 13 వారాలు నిండి, టీకాలు పూర్తయ్యాకే పిల్లను కొత్త ఇంటికి పంపమంటుంది. అంతకాలం తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఉంటేనే దానికి కొరకకుండా ఆడటం, మనుషుల మధ్య మసలడం అలవడుతుంది. మీ బిడ్డ ఎన్ని రోజులకు పంపిందో అడగండి. నలభై రోజులకే అమ్మేసి ఉంటే ఆ 18 వేలల్లో పెట్టాల్సిన ఖర్చు కొంత పెట్టకుండా మిగిలిపోయిందన్నమాట. ఈ పనిలో లాభం బాగా కనిపిస్తోందంటే పరీక్షో, టీకాయో, తల్లి విశ్రాంతో ఎక్కడో కోత పడి ఉంటుందని నేను అనుకుంటాను.

పరీక్ష అంటే గుర్తొచ్చింది. పర్షియన్లలో పీకేడీ అనే కిడ్నీ జబ్బు వంశంలో దిగుతుంది. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఆ జన్యువు ఉన్నా సగటున సగం పిల్లలకు వస్తుంది. చిన్నప్పుడు పైకి ఏమీ తెలియదు, కొన్నేళ్లకు కిడ్నీలు పాడై ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. డీఎన్ఏ పరీక్షతో జత కట్టించే ముందే తెలుసుకోవచ్చు. మీ ఇంట్లో జతకు అది చేయించారా? ఇంకో సంగతి. రెండింటినీ ఒకరి దగ్గరే తెచ్చిందన్నారు. అవి అన్నాచెల్లెళ్లు కారు కదా? కాగితాలు లేకపోతే ఎలా తెలుస్తుంది?

కాగితాలంటే అలంకారానికి కాదు. వంశవృక్షం ఉన్న పిల్లి అంటే దాని తాత ముత్తాతలు ఎవరో పిల్లుల క్లబ్బులో రాసి ఉన్న పిల్లి. బ్రీడర్ తన క్యాటరీకి, అంటే పిల్లుల్ని పెంచే చోటుకు, ఒక పేరు నమోదు చేసుకుంటే, అక్కడ పుట్టిన ప్రతి పిల్ల పేరుకూ అది ముందు చేరుతుంది. అవేవీ లేనప్పుడు మన ఊళ్లలో అమ్మేది పర్షియన్‌లా కనిపించే పిల్లి, అంతే. మంచి పిల్లే కావచ్చు, బ్రీడింగ్‌కు మాత్రం ఆధారం లేదు. చట్టం కూడా ఉంది. 2018 నాటి పెట్ షాప్ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల్ని అమ్మకానికి ఉంచి వ్యాపారం చేయాలంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఆన్‌లైన్ అమ్మకాలూ వాటి కిందికే వస్తాయి.

రోజువారీ పని గురించి రీల్స్‌లో చూపించరు. పిల్లి కడుపుతో ఉండేది దాదాపు 65 రోజులు. నొప్పులు ఎక్కువగా రాత్రిపూటే మొదలవుతాయని బ్రీడర్లు అంటారు. పుట్టిన పిల్ల వంద గ్రాములకు అటూఇటూ ఉంటుంది. రోజుకు పది గ్రాములైనా పెరుగుతోందా అని త్రాసు మీద పెట్టి చూడాలి. పెరగకపోతే రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, రాత్రయినా పగలైనా. గండుపిల్లి గోడల మీద మూత్రం చిమ్ముతుంది, ఆ వాసన సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోదు. ఒక పిల్లికి తామర వస్తే ఇంట్లో అందరికీ అంటుకోవచ్చు. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ వచ్చిందంటే టీకా పడని పిల్లలన్నీ రెండు మూడు రోజుల్లో పోవచ్చు, పైగా ఆ వైరస్ గదిలో ఏడాది దాకా బతకగలదు. అర్ధరాత్రి ఇలాంటిది జరిగితే మిర్యాలగూడలో ఎవరి తలుపు కొడతారు? మన పశువుల దవాఖాన డాక్టర్లకు బర్రెలూ మేకలూ కొట్టినపిండి. పిల్లికి సిజేరియన్ అంటే చాలాసార్లు హైదరాబాద్ పరుగెత్తాల్సిందే, 140 కిలోమీటర్లు.

ఇప్పుడు అందరూ చెవులు మడుచుకున్న స్కాటిష్ ఫోల్డ్ అడుగుతున్నారు. మీ బిడ్డ కూడా త్వరలో ఆ పేరు ఎత్తుతుంది, చూడండి. చెవిని ముడిచే ఆ జన్యువే ఒంట్లోని మృదులాస్థినీ ఎముకలనూ దెబ్బతీస్తుంది. అందుకే జీసీసీఎఫ్ ఆ జాతిని నమోదు చేయదు. ముద్దొస్తోందని ఒక జంతువుకు జీవితాంతం కీళ్ల నొప్పులు పుట్టించి అమ్మడం నాకు మింగుడు పడదు. మీ బిడ్డ అలాంటి పని పెట్టుకుంటే నేను మీ పక్షమే.

షోల మీద మాత్రం నాకు విరోధం లేదు. పిల్లుల ప్రదర్శన కొత్తదేమీ కాదు. 1871 జులైలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పెద్ద ఎత్తున పెట్టించాడు. తర్వాత ఆయనే పిల్లుల క్లబ్బుకు అధ్యక్షుడై, కొన్నేళ్లకు తప్పుకున్నాడు. సభ్యులకు పిల్లి బాగోగుల కన్నా బహుమతులే ఎక్కువైపోయాయని ఆయన బాధ. ఈ రోజుకీ ఆ జబ్బు పోలేదు. షోలో ఒక్కో రింగులో ఒక్కో జడ్జి ఉంటారు. పిల్లిని బోనులోంచి తీసి బల్ల మీద పెట్టి, ఎముక పట్టు, తల, కళ్లు, బొచ్చు చూసి, రాసిపెట్టిన ప్రమాణంతో పోలుస్తారు. పిల్లుల జాతుల్ని నమోదు చేసే అమెరికా సంస్థ సీఎఫ్ఏ ప్రమాణంలో పర్షియన్‌కు వంద మార్కుల్లో తలకే 30. గెలిస్తే రిబ్బనూ, బిరుదూ వస్తాయి. డబ్బు ఆశించకండి. స్నానాలు, పౌడర్లు, దువ్వడం, ప్రయాణం, ఎంట్రీ ఫీజు అన్నీ మీ జేబులోంచే.

అయినా ఒక్కసారి పంపించండి, మీరూ వెళ్లండి. హైదరాబాద్‌లో షో పడినప్పుడు మొదటిసారి చూడటానికే వెళ్లాలి. కాగితాలు లేని పిల్లులకు హౌస్‌హోల్డ్ పెట్ అనే విభాగం ఉంటుంది. అక్కడ జాతి చూడరు, పిల్లి ఆరోగ్యం, శుభ్రత, మచ్చిక చూస్తారు. ఎదిగిన పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఉండాలి. అది అయితే తర్వాతి షోలో మీ బిడ్డ తన పిల్లితోనే అందులో పాల్గొనొచ్చు. అక్కడ ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవాళ్ల పక్కన కూర్చుని, మీ ఇంటి ఖర్చు దేనితో నడుస్తుందని అడగమనండి. మరో ఉద్యోగమో వ్యాపారమో పేరు చెప్పేవాళ్లే ఎక్కువ ఉంటారు. ఆ మాట నా నోటి నుంచో మీ నోటి నుంచో వింటే మీ బిడ్డ నమ్మదు, వాళ్లు చెప్తే నమ్ముతుంది.

డిగ్రీ మేలా, ఇది మేలా అన్నారు. బీఎస్సీ చేతికి రాగానే ఉద్యోగం పరుగెత్తుకుని రాదని మీకూ తెలుసు. కానీ డిగ్రీలో చేరినందుకు పిల్లులు పోవు, పిల్లుల కోసం డిగ్రీ మానితే మూడేళ్లు పోతాయి. పోలిక ఇంతకన్నా సాగదీయడానికి ఏమీ లేదు. నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. రెండేళ్లు ఎంబీబీఎస్ తప్ప వేరే మాట మీ ఇంట్లో వినబడినట్టు లేదు. జంతువులంటే ఇంత ప్రాణం పెట్టే బైపీసీ పిల్లకు వెటర్నరీ అని ఒకటుందని ఎవరూ చెప్పలేదా? రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో కాలేజీలున్నాయి. సీటు ఎలా వస్తుందో రెండేళ్లు కోచింగ్ తీసుకున్న పిల్లకు నేను చెప్పక్కర్లేదు. అది కుదరకపోతే బీఎస్సీ చేస్తూ సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక పెట్ క్లినిక్‌లోనో గ్రూమింగ్ సెంటర్‌లోనో పని నేర్చుకోమనండి. నాలుగు ఆపరేషన్లు, రెండు చావులు దగ్గరగా చూశాక కూడా ఇదే పని కావాలంటే, అప్పుడు మేడ మీద గది గురించి మాట్లాడుకోవచ్చు. ఈలోగా డబ్బు ఇవ్వాలనిపిస్తే పరీక్షలకూ టీకాలకూ ఇవ్వండి. ఖర్చూ రాబడీ ఆమెనే ఒక నోటుబుక్కులో రాయమనండి. దుకాణం లెక్కలు రాసే మనిషి మీరు, పక్కన కూర్చుని నేర్పండి. అరవడం కన్నా అది బాగా పనిచేస్తుంది.

సంబంధాల గురించి ఇప్పుడు నన్ను అడగకండి. నాలుగేళ్ల తర్వాత ఆమెనే అడగండి.

మూడో పిల్ల ఏమైందో మీరు రాయలేదు. ఇంట్లోనే ఉంచుకుని ఉంటే, అది ఆడదైతే నాలుగు నెలలు దాటకముందే తండ్రి పిల్లి నుంచి వేరే గదిలో పెట్టించండి. కొన్ని ఆ వయసుకే ఎదకు వస్తాయి. గండుపిల్లికి ఆపరేషన్ చేయించడం మంచిదా, ఇంకొన్నాళ్లు ఆగాలా అన్నది పరీక్షల రిపోర్టు వచ్చాక డాక్టర్‌ను అడిగి తేల్చుకోండి.