సముద్రంలో కలిసిపోయిన ఇంటి స్థలం ఇంకా మాదేనా, నష్టపరిహారం ఎవర్ని అడగాలి?

ప్రశ్న: మాది ఉప్పాడ పక్కన ఊరు సార్. నాన్నగారి పేరు మీద 4 సెంట్ల స్థలం, అందులో స్లాబు ఇల్లు. పోయిన తుఫానుకి ముందు రెండు గదులూ సముద్రంలోకి జారిపోయాయి, వెనక వంటగది ఒక్కటే మిగిలింది. వీఆర్వో గారేమో ఇది కోత, తుఫాను నష్టం కింద రాయడం కుదరదు అంటున్నారు. వేరే చోట స్థలం ఇస్తాం, ఇది వదులుకుంటున్నట్టు సంతకం పెట్టండి అని కాగితం తెచ్చారు. ఇంటి మీద బ్యాంకు లోను కూడా ఉంది. సముద్రం పెరుగుతున్నది మనుషులు వదిలిన పొగ వల్లే అని అందరూ అంటున్నారు కదా, ఆ కంపెనీల మీదో గవర్నమెంటు మీదో కేసు వెయ్యొచ్చా? నీళ్లలో పడిన స్థలం ఇంకా మాదేనా?

జవాబు: ఆ సంతకం ఇంకా పెట్టలేదు కదా, పెట్టకండి. కొత్త స్థలం తీసుకోవద్దని కాదు, తప్పకుండా తీసుకోండి, కానీ వదులుకుంటున్నాం అన్న లైను కొట్టేసి "పునరావాసం కింద స్థలం తీసుకుంటున్నాం, పాత స్థలం మీద హక్కులకీ నష్టపరిహారానికీ దీనితో సంబంధం లేదు" అని మీ చేత్తో రాసి దాని కింద సంతకం పెట్టి, ఒక కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి. ఒప్పుకోకపోతే అదే మాట విడిగా అర్జీ రాసి తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ ఒక్క కాగితం లేక తర్వాత హైకోర్టు దాకా వెళ్లి కూడా ఖాళీ చేతులతో వచ్చినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు వీఆర్వో గారి మాట. ఆయన మీద కోపం వద్దు, ఆయన రూల్ ప్రకారమే మాట్లాడుతున్నారు, ఎందుకంటే రాష్ట్ర విపత్తు నిధి నుంచి డబ్బులిచ్చే లిస్టులో తుఫాను ఉంది, వరద ఉంది, సునామీ ఉంది, చివరికి వడగళ్లు కూడా ఉన్నాయి గానీ సముద్రపు కోత అన్న పేరు లేదు. నాకు నిజంగా బాధగా ఉండేది ఇక్కడే, గోడ గోడగా ఊరు పోతుంటే చట్టం కళ్లకి అది విపత్తుగా కనపడట్లేదు. కానీ మీ విషయం వేరు. మీ గదులు తుఫాను రోజు పడ్డాయి. అంతకుముందు పదేళ్లుగా ఒడ్డు కోసుకుపోతూ ఉండొచ్చు, కానీ ఇల్లు పడగొట్టింది ఆ రోజు అలలే కదా. కాబట్టి అర్జీలో "కోత" అని మొదలుపెట్టకండి, ఫలానా తేదీన ఫలానా తుఫాను అలల తాకిడికి ఇల్లు కూలింది అని రాయండి, నష్టం లెక్కించే టీం చేత పంచనామా (సాక్షుల ముందు రాసే నష్టం నివేదిక) రాయించమని అడగండి. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా పడిపోయిన ఇంటికి 1,20,000 రూపాయలు, పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500. తేడా చూశారా, వంటగది నిలబడి ఉంది కదా అని "పాక్షికం" అని రాసేస్తే చేతికి ఆరున్నర వేలు వస్తుంది. గోడ నిలబడ్డంత మాత్రాన అది ఇల్లు కాదు, ఉండడానికి పనికిరాదని పంచాయతీరాజ్ ఇంజనీరు చేత రాయించుకోవాలి.

కోత సంగతి కూడా వదలొద్దు, అది రెండో అర్జీ. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తుల కోసం వాడుకోవచ్చు, కేరళ అలాగే సముద్రపు కోతని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అదీ కాక అక్కడ పునర్‌గేహం అని స్కీం పెట్టి, తీరానికి 50 మీటర్ల లోపు ఉంటున్న మత్స్యకార కుటుంబాలకి ఇల్లు మారడానికి 10 లక్షలు ఇస్తున్నారు. 15వ ఆర్థిక సంఘం కూడా 2021-26కి కోత ఆపే పనులకి 1,500 కోట్లు, కోత వల్ల ఊళ్లు వదిలినవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి పక్కన పెట్టమంది. కాబట్టి "కోతకి డబ్బులుండవు" అన్నది పూర్తి నిజం కాదు. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్లినప్పుడు ఈ మాటలన్నీ అర్జీలో పెట్టి, మన జిల్లాకి ఆ పద్దు కింద ప్రతిపాదన పంపారా లేదా అని ఆర్టీఐ కూడా వెయ్యండి. మండల ఆఫీసులో అయితే 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు.

ఇక అసలు ప్రశ్న, పొగ వదిలిన కంపెనీల మీద కేసు. మీరు అడిగింది తప్పు కాదు, సైన్సు మీవైపే ఉంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ముందు ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు పెరిగేది కాస్తా 2006 తర్వాత 3.7 అయింది, 1971 నుంచి దీనికి ప్రధాన కారణం మనుషులే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ అని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ తేల్చింది. కానీ కోర్టులో ఎదుటి లాయరు లేచి అడిగే మొదటి ప్రశ్న ఏంటంటే, మీ ఇల్లు పడింది సముద్రం పెరగడం వల్లేనా అని. ఉప్పాడ దగ్గర ఒక్క కారణం కాదండి. గోదావరి మీద ఆనకట్టలూ డ్యాములూ వచ్చాక సముద్రంలోకి దిగే ఇసుక బాగా తగ్గింది, కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె పెరిగేకొద్దీ అలల దిశ మారిందంటారు, పోర్టు కట్టడాల మాట కూడా ఉంది. వీటన్నిటి మీద పెరుగుతున్న నీళ్లు. ఇందులో ఫలానా కంపెనీ వాటా ఎంత అని మీరు నిరూపించాలి, అది ఒక కుటుంబం మోసే బరువు కాదు.

పెరూలో హువారాజ్ ఊరి రైతు ఒకాయన జర్మనీ కరెంటు కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ మీద 2015లో కేసు వేశాడు, కొండ మీద మంచు కరిగి సరస్సు పొంగితే తన ఇల్లు మునుగుతుంది, ప్రపంచ కాలుష్యంలో మీ వాటా ఎంతో నాకు రక్షణ ఖర్చులో అంత ఇవ్వండి అని. 2025 మేలో జర్మనీలోని హామ్ కోర్టు కేసు కొట్టేసింది, ఆయన ఇంటికి ప్రమాదం అంత దగ్గర్లో లేదని. కానీ పెద్ద కంపెనీల్ని ఇలా బాధ్యుల్ని చెయ్యొచ్చు అన్న సూత్రాన్ని మాత్రం ఒప్పుకుంది. అదే ఏడాది జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత, తప్పితే నష్టపరిహారం దాకా వెళ్లొచ్చు అంది. అది సలహా అభిప్రాయమే, పైగా దేశాల మధ్య మాట. అంటే తలుపు కొంచెం తెరుచుకుంది, మీ నాన్నగారి స్థలానికి డబ్బు తెచ్చేంత మాత్రం తెరుచుకోలేదు. ఈ కేసు వేయిస్తా, ఇంత ఫీజు ఇవ్వండి అని ఎవరైనా వస్తే నమ్మకండి.

గవర్నమెంటు మీద మాత్రం దారి ఉంది. 2024 మార్చిలో ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో, అది బట్టమేక పక్షుల కోసం వేసిన కేసులెండి, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ అనేది ఆర్టికల్ 14, 21 కింద పౌరుల హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో పాటు 1980 నాటి రత్లాం తీర్పు ఉంది, డబ్బులేదని చెప్పి పబ్లిక్ సంస్థ తన చట్టబద్ధ బాధ్యత తప్పించుకోలేదని. ఈ రెండూ పట్టుకుని ఆర్టికల్ 226 కింద అమరావతి హైకోర్టులో రిట్ (అధికారుల్ని వాళ్ల బాధ్యత చెయ్యమని ఆదేశించమనే పిటిషన్) వెయ్యాలి, సముద్రం నా ఇల్లు తీసుకుందని కాదు, ఇచ్చిన అర్జీ మీద అధికారులు ఏమీ తేల్చలేదని, విపత్తు నిర్వహణ చట్టం కింద ఉన్న బాధ్యత చెయ్యలేదని. చాలాసార్లు "ఇన్ని వారాల్లో అర్జీ మీద నిర్ణయం తీసుకోండి" అన్న చిన్న ఆర్డరే వస్తుంది. నిరాశపడకండి, తిరస్కరిస్తే కారణం రాయాలి, ఆ కారణం మీద మళ్లీ పోరాడొచ్చు. ఒక్కరు కాకుండా మీ వీధిలో ఇళ్లు పోయినవాళ్లంతా కలిసి వేస్తే బలం. ఏదైనా ఒక కట్టడం వల్లే కోత పెరిగిందని చెప్పగలిగితే చెన్నైలో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ బెంచి ఉంది, అక్కడ నష్టపరిహారం అడగడానికి గడువు కారణం మొదట తలెత్తినప్పటి నుంచి 5 ఏళ్లు, కోత మొదలై చాలా ఏళ్లయిందని వాళ్లు వాదిస్తారు కాబట్టి ఆలస్యం చెయ్యకండి.

నీళ్లలో ఉన్న స్థలం మీదేనా? గవర్నమెంటు తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది, సముద్రం తీసుకుంటే అది వర్తించదు. ప్రాదేశిక జలాల (తీరాన్ని ఆనుకుని మన దేశానికి చెందిన సముద్రం) అడుగున ఉన్న నేల ఆర్టికల్ 297 ప్రకారం కేంద్రానిది. అయితే మునిగిన భూమి మళ్లీ అదే చోట తేలి, ఇదే అని గుర్తుపట్టగలిగితే పాత యజమానిదే అని 1870లోనే లోపెజ్ కేసులో అప్పటి అత్యున్నత కోర్టు ప్రివీ కౌన్సిల్ చెప్పింది. అది గంగ ఒడ్డు కేసు, మీకు అచ్చంగా సరిపోతుందనను, కానీ హద్దులు రికార్డులో ఉంటేనే రేపు ఆ వాదనైనా చెయ్యగలం, అందుకే సర్వేయర్ చేత ఇప్పుడే కొలిపించండి. మీ పట్టా రిజిస్టర్డ్ దస్తావేజా, గవర్నమెంటు ఇచ్చిన అసైన్డ్ పట్టానా అన్నది కూడా చూసి చెప్పండి, హక్కులు వేరుగా ఉంటాయి. వంటగది పక్కనే మళ్లీ కట్టుకుందాం అనుకుంటే మాత్రం సీఆర్‌జెడ్ (తీరం దగ్గర కట్టడాలపై ఆంక్షల రూల్స్) పర్మిషన్ చూసుకోకుండా ఇటుక పెట్టొద్దు.

బ్యాంకు లోను ఇంటితో పాటు పోదు. తనఖా పెట్టిన ఆస్తి నాశనమైతే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 68 కింద బ్యాంకు వేరే సెక్యూరిటీ అడగొచ్చు, ఇవ్వకపోతే డబ్బుకోసం దావా వెయ్యొచ్చు. అందుకని నోటీసు వచ్చేదాకా ఆగకుండా మీరే వెళ్లి పంచనామా కాపీ ఇచ్చి రీషెడ్యూల్ చెయ్యమని రాతలో అడగండి. చాలామందికి లోనుతో పాటే ఇంటికి ఇన్సూరెన్స్ చేయించి ఉంటారు, ఆ సంగతి వాళ్లకి తెలియను కూడా తెలియదు, శాంక్షన్ లెటర్‌లో ప్రీమియం కట్ అయిందేమో చూడండి. ఉంటే ఈరోజే క్లెయిమ్ పెట్టండి.

సాక్ష్యం విషయం. ఫోన్లో తీసిన ఫొటోలు, వీడియోలు డిలీట్ చెయ్యకండి, వాట్సాప్‌లో పంపిన కాపీ కాదు, తీసిన ఫోనే దాచండి, కోర్టులో పెట్టేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంటి పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు బంధువుల ఇళ్లల్లో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి, ఆ ఇంట్లో ఇన్నేళ్లు ఉన్నారని చెప్పేవి అవే. లాయరుకి డబ్బులు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, సామూహిక విపత్తు బాధితులకి చట్టంలోనే ఉచిత సాయం ఉంది, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేదు, కాబట్టి ఇంటి మీద అమ్మగారికీ హక్కు ఉంటే అప్లికేషన్ ఆవిడ పేరు మీద పెట్టించండి.