ఫ్రాంక్లిన్ కూతురి కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూతురు సాలీ మీద నువ్వు రాసింది చదివాను. చదివించావు, కాదనను. కానీ అమ్మాయీ, మొదటి రెండు పేజీలూ తండ్రి గురించే: గాలిపటం, మెరుపు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన! పెళ్లికూతురు పందిట్లోకి వచ్చేసరికి బంతి భోజనాలు అయిపోయాయి.

ఆ పేజీలు తీసెయ్. 1767లో, ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టు. తండ్రి లండన్‌లో ఉన్నాడు. రిచర్డ్ బేచ్ అనే వ్యాపారి సాలీని చేసుకుంటానన్నాడు. అతనికి అప్పులున్నాయి. డబ్బున్న సంబంధం కోసం చూస్తున్నాడని సాలీ అన్న విలియమే తండ్రికి రాశాడు. ఫ్రాంక్లిన్ తేల్చి చెప్పలేదు. నిర్ణయం ఇంట్లోవాళ్లకే వదిలేసి, పెళ్లి ఆర్భాటంగా చేయొద్దనీ, బట్టలకూ సామానుకూ కలిపి 500 పౌండ్లు దాటొద్దనీ భార్య డెబొరాకు రాశాడు. అక్టోబర్‌లో ఆవిడే పెళ్లి జరిపించింది. మామగారు అల్లుణ్ణి చూసింది 1771లో, ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో. చూశాక మెత్తబడి, కొట్టు పెట్టుకోమని 200 పౌండ్లిచ్చాడు. ఆ నాలుగేళ్లూ సాలీ ఇంట్లో ఆ మామగారి పేరు ఎలా వినబడి ఉంటుందో ఆలోచించు. నీ వ్యాసంలో అల్లుడు ఒక్క వాక్యంలో వచ్చి పోయాడు, పాపం.

ఇక లేసు సంగతి. దీన్ని నువ్వు ‘పొదుపు పాఠం’ అని దాటేశావు. అసలు కథ ఇక్కడే ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది, ధరలు మండిపోతున్నాయి. ఫ్రాన్స్‌లో ఉన్న తండ్రిని సాలీ కొన్ని పిన్నులు, లేసు, ఈకలు పంపమని అడిగింది. 1779 జూన్‌లో ఆయన జవాబు రాశాడు. ఆ కోరిక స్ట్రాబెర్రీల్లో ఉప్పు వేసినట్టుందట. తనలా చొక్కా చేతుల అంచులకు పడ్డ చిరుగులు కుట్టకుండా వదిలేస్తే అవే లేసవుతాయట, ఈకలు కావాలంటే అమెరికాలో ఏ కోడిపుంజు తోకనడిగినా ఇస్తుందట. చమత్కారమే, మనకూ నవ్వొస్తుంది. కానీ సాలీ జవాబు కూడా పక్కన పెట్టు. కాస్త అలంకరణ కోరుకున్నందుకు నాన్న ఇంత గట్టిగా మందలించాలా, తనెంత బాధపడిందో తెలిస్తే ఇలా రాసేవారు కాదు అంది. ఈ రెండు ఉత్తరాల మధ్య నీ వ్యాఖ్యానం ఒక్క ముక్క కూడా రాయకు.

అలాగని తండ్రిని దుర్మార్గుణ్ణి చేయకు, అది మరీ సులువు. 1776లో ఆయన ఫ్రాన్స్‌కు వెళ్తూ సాలీ పెద్దకొడుకు బెన్నీని వెంట తీసుకెళ్లాడు. అప్పుడు వాడికి ఏడేళ్లు. మళ్లీ తల్లి దగ్గరకొచ్చింది 1785లో. పంపిన తల్లికీ అది గౌరవమే, తీసుకెళ్లిన తాతకూ ప్రేమే. ఆ తొమ్మిదేళ్లు మాత్రం తిరిగిరావు కదా.

1780లో సైనికుల కోసం ఆడవాళ్లు చందాలెత్తి చొక్కాలు కుట్టించిన పని గురించి బాగానే రాశావు. ఒక్కటి చేర్చు. సుమారు 2,200 చొక్కాలు సాలీ ఇంట్లో పోగయ్యాయి, ఒక్కోదాని మీద కుట్టినావిడ పేరుంది. లేసు అడిగినావిడా, ఈ చొక్కాలు పోగేసినావిడా ఒక్కరే. ఇద్దరినీ విడదీయకు.

ముగింపు నాకు నచ్చలేదు. మరణశయ్య, కన్నీళ్లు ఎందుకు? ఫ్రాన్స్ రాజు బహూకరించిన, 408 వజ్రాలు పొదిగిన చిత్రపటాన్ని ఫ్రాంక్లిన్ కూతురికే రాసిచ్చాడు. వాటితో నగలు చేయించుకోవద్దని వీలునామాలో కోరాడు. సాలీ నగలేం చేయించుకోలేదు. బయటి వరుస వజ్రాలు అమ్మి, 1792లో భర్తతో ఇంగ్లండ్ వెళ్లింది. అమ్మొద్దని ఆయన అనలేదు మరి. ఓడ కదిలే చోట ఆపేసి, తిరగరాసి పంపు.