రెండు రకాల అలసట

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్ పరుగెత్తుతానని రాశావు, సంతోషం. కేబీఆర్ పార్కు చుట్టూ రోజూ ఒకే దూరం, ఒకే వేగం అన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. అలసట ఒక్క రకం కాదు.

400 మీటర్లు శక్తికొద్దీ పరుగెత్తితే కండరంలో శక్తి ఖర్చయ్యాక మిగిలే ఫాస్ఫేటు, ఆమ్లగుణం పెరుగుతాయి. మెదడు ఆజ్ఞ పంపుతున్నా కండరం గట్టిగా బిగుసుకోలేదు. కాసేపు నడిస్తే ఆ అలసటలో చాలా భాగం తీరిపోతుంది. మరునాటి నొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. అది గంట, గంటన్నరలో రక్తంలో మామూలు స్థాయికి వస్తుంది.

రెండు గంటల పరుగు సంగతి వేరు. కండరాల్లో దాచి ఉంచిన చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, తరుగుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది, మెదడు నుంచి, వెన్నుపాము నుంచి వచ్చే ఆజ్ఞే బలహీనపడుతుంది. కండరంలో సత్తువ మిగిలి ఉన్నా పూర్తిగా వాడుకోలేవు. అడుగు పొట్టిదవుతుంది, నిన్నటి వేగమే ఇవాళ భారమనిపిస్తుంది. చక్కెర నీళ్లు పుక్కిలించి ఉమ్మేసినా సుమారు గంటసేపు సాగే కఠిన శ్రమలో కొంత మెరుగు కనిపించిందని ప్రయోగాలు చెబుతున్నాయి. గొంతు దిగని చక్కెర కండరానికి ఏం చేస్తుంది? ఫలితమంతా మెదడులోనే.

మన ఊళ్లో ఫ్లైఓవర్ ఎక్కడానికి అందరూ భయపడతారు. నువ్వు దిగడానికి భయపడు. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బిగుసుకోవాలి. అందువల్ల వాటిలో సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది, నొప్పి రెండో రోజుకు ముదురుతుంది. నొప్పి పోయాక కూడా బలం తిరిగి రావడానికి ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. జూబ్లీహిల్స్ వాలుల్లో కొద్దికొద్దిగా దిగడం ఇప్పుడే మొదలుపెడితే ఆ దెబ్బ తగ్గుతుంది.

ఇక పద్ధతి. ఆదివారం తెల్లవారుజామున పొడుగు పరుగు, పక్కవారితో మాట్లాడగలిగేంత నిదానంగా. సోమవారం పరుగు వద్దు, నిద్ర పో, అన్నం బాగా తిను. వేగంగా తీసే చిన్న పరుగులు బుధవారమో గురువారమో చూసుకో, ప్రతి పరుగుకూ మధ్య ఊపిరి కుదుటపడనివ్వు. చివరి రెండు వారాలు దూరం తగ్గించు, వేగాన్ని మాత్రం పూర్తిగా మానకు. ఉక్కలో తల తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆగిపో, పట్టుదల చూపే సమయం కాదది.

సోమవారం పొద్దున్నే మీ అమ్మ లేపితే నా పేరు చెప్పు.

మీ పెదనాన్న